నవ్వేవాళ్ల కోసం వచ్చిన చిరుత

వాగు ఒడ్డున బండమీద గోరింక రోజూ సాయంత్రం సభ పెట్టేది. ఎవరినో ఒకరిని ఎదురుగా కూర్చోబెట్టి, అడగకూడనివన్నీ అడిగి, అందరినీ నవ్వించేది.

"మన చిరుతగారు ఎంతో నిష్ఠగా ఉపవాసం ఉంటారు. దుప్పిని మొత్తం తిన్నాక, అది అరిగేదాకా!" అన్న రోజు అడవంతా పడీపడీ నవ్వింది.

మర్నాడు సభకు చిరుతే వచ్చింది.

"నన్ను చంపడానికొచ్చారా?" అంది గోరింక.

"ఛ! నువ్వు నా పంటికిందికి కూడా రావు. ఆ ఉపవాసం మాట మళ్లీ చెప్పు. ఎవరెవరు నవ్వుతారో చూద్దామని వచ్చాను" అని చిరుత జనం వైపు తిరిగి కూర్చుంది.

జింకలు ఊపిరి బిగబట్టాయి. ఏనాడూ మాట తడుముకోని గోరింక, ఒక్కరికీ నవ్వు రాకూడదని, పుట్టాక మొదటిసారి, దేవుడికి మొక్కుకుంది. వీలైనంత చప్పగా, సాగదీసి మొదలుపెట్టింది.

"మన చిరుతగారు... ఎంతో... నిష్ఠగా... ఉపవాసం..."

ఒక్క సభా మానని ముసలి కుందేలుకు తర్వాతి మాట ముందే గుర్తొచ్చింది. ముంగాలితో నోరు మూసుకుంది. అయినా ఆగలేదు, కిసుక్కుమంది.

చిరుత మెల్లగా లేచింది.