సరి నిమిషాలు ఆవిడవి

"ఏడో చానెల్ నాదమ్మా. నేను మైకులో దగ్గానంటే ఊళ్లో టాక్సీలన్నీ ఠక్కున ఆగిపోతాయి" అన్నాడు పెద్దాయన, మైకు మీద దుమ్ము ఊదుతూ.

వైర్‌లెస్ ఆఫీసు నుంచి వచ్చిన ఇంజనీరమ్మ నవ్వలేదు. టాక్సీ స్టాండు పైగదిలో ఉన్నది ఒకటే కుర్చీ, అందులో ఆయనున్నాడు. ఆవిడ కిటికీ గట్టు మీద సర్దుకుని కూర్చుంది.

ఆయన మైకు నొక్కి, "పన్నెండో బండీ, స్టేషనుకి..." అన్నాడో లేదో స్పీకరు గుర్రుమంది. ఏటి అవతల పాలబండ్లను నడిపించే ఆడగొంతు అడ్డొచ్చింది.

"టాక్సీ పెద్దాయనగారూ, మీ దగ్గుకి మా బండ్లు దారి తప్పుతున్నాయి. మందైనా వేసుకోండి, మూడో చానెల్‌కైనా పొండి."

"నువ్వే పో. పొద్దుటినుంచీ తిండి తిన్న గొంతులా లేదు, అరుపులు మాత్రం ఆకాశాన్నంటుతున్నాయి."

"తిన్నాను లెండి."

ఈలోగా పన్నెండో బండి స్టేషను వదిలేసి మార్కెట్టుకు పోయింది.

"ఆగలేదేమండీ?" అంది ఇంజనీరమ్మ.

"ఆగదు. డ్రైవర్లు నా మాటే వినరు, ఇక దగ్గెక్కడ వింటారు?" అన్నాడాయన హాయిగా.

"ఎవరండీ ఆవిడ?"

"ముఖం కూడా ఎరగను. ఎవరో మొండిఘటం."

ఇంజనీరమ్మ రెండు చీటీలు తీసింది. "మూడో చానెల్ ఖాళీగా పడుంది. మీలో ఒక్కరు అటు వెళ్తే ఇద్దరికీ సుఖం. ఇద్దరూ ఇక్కడే ఉన్నా రభసే, ఇద్దరూ అటెళ్లినా రభసే. వారానికోసారి చెరో అంకె రాసివ్వండి. మూడోసారికీ విడిపోకపోతే రెండు రేడియోలకీ సీలు వేస్తాను."

ఆ వారమంతా గాలిలో ఒకటే పోరు. "నేను కదలను" అని ఆయన, "నేను మాత్రం కదుల్తానా?" అని పాలబండ్లావిడ. రెండు చీటీల్లోనూ ఏడే వచ్చింది.

రెండో వారం ఆయన, "నీ గోల భరించలేను, నేనే మూడుకి పోతా" అన్నాడు. "మీకంటే ముందు నేనే పోతా" అందావిడ. రెండింట్లోనూ మూడే.

ఇంజనీరమ్మ తల పట్టుకుంది. "అవతలివాళ్లు పోతున్నారని తెలిస్తే ఉన్నచోటే ఉండాలి కదండీ. మా పుస్తకాల్లో ఈ ఆట ఎవరూ ఇలా ఆడరు."

మూడోసారి పెద్దాయన చీటీని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. అంకె కలిస్తే సీలు, కలవకపోతే చెరో చానెల్. చివరికి ఖాళీ చీటీ ఇచ్చాడు. ఏటి అవతలి నుంచీ ఖాళీ చీటీయే వచ్చింది.

ఇంజనీరమ్మకు ఆపుకోలేనంత నవ్వొచ్చింది. సీలు మాట పక్కన పెట్టి, ఏడో చానెల్‌నే ఇద్దరికీ వంతులు వేసింది. బేసి నిమిషాలు టాక్సీలకు, సరి నిమిషాలు పాలబండ్లకు.

పెద్దాయన ముఖం చాటంతైంది.

"మొత్తం చానెల్ ఇస్తానంటే వద్దన్నారు. సగానికే ఇంత సంబరమేంటండీ?"

"మిగతా సగం వింటాను కదమ్మా."

"అంత వినాలనుంటే ఫోన్ చెయ్యొచ్చుగా."

"ఫోనంటే ముందు ఎవరు తగ్గారో తెలిసిపోతుంది. రేడియోలో ఎవరికెవరు అడ్డొచ్చారో ఎవరికి తెలుస్తుంది?"

"ముఖం ఎరగని మనిషితో పంతమేంటండీ మరీ?"

పెద్దాయన స్పీకరు శబ్దం కొంచెం పెంచాడు. "ముఖం ఎరగనన్న ముక్కొక్కటీ నా కల్పనేనమ్మా" అన్నాడు మెల్లగా.

"అది నా కూతురు."