గోడలోని తీగ

"మామా, తీగ పైనుంచి పోనియ్యనా, కింద గోడ అంచున పోనియ్యనా?"

నిచ్చెన మీదనుంచి మాదప్పన్ రెండోసారి అడిగాడు. గోపాలసామి తల తిప్పలేదు. కొత్త స్పీకరు బాక్సును భుజం మీది తువ్వాలుతో తుడుస్తూనే ఉన్నాడు.

వంటింట్లోంచి ఆయన భార్య వెంకటలక్ష్మమ్మ గబగబా వచ్చింది. "పైనుంచే పోనీ నాయనా. ఎట్లా పోనిచ్చినా తీగ కనపడకూడదంట."

"ఆ మాట ఆయనే నాతో చెప్పకూడదా అత్తా?"

"ఈ మధ్య ఎవురితోనూ మాట్లాడేది తక్కువలే. మనసులో పెట్టుకోవద్దు."

పెట్టుకోకుండా ఎలా ఉంటాడు? ధర్మపురి చుట్టుపక్కల ముప్ఫై ఏళ్లు పెళ్లికైనా జాతరకైనా మైకుసెట్టు కట్టింది గోపాలసామే. మాదప్పన్ ఎనిమిదేళ్లు ఆయన దగ్గర పనిచేశాడు, ఈ ఇంట్లోనే తిన్నాడు. స్తంభమెక్కి హార్ను కట్టడం, జనం కాళ్లకు తగలకుండా తీగ దాచడం, అన్నీ ఆయన నేర్పినవే. అలాంటివాడు మూడేళ్ల కిందట పాపిరెడ్డిపట్టి జాతర పని ఆయనకు తెలియకుండా తన పేరు మీద ఒప్పుకున్నాడు. ఆ వారమే బస్టాండు దగ్గర సొంత అంగడి తెరిచాడు. ఆ తర్వాత ఒకరి గడప ఒకరు తొక్కలేదు. నిరుడు గోపాలసామి అంగడి మూసేశాడు. శిష్యుడే ముంచాడని ఊరంతా అంది. మాదప్పన్ కూడా అదే అనుకున్నాడు.

పోయిన వారం వెంకటలక్ష్మమ్మ తనంతట తానే అతని అంగడికి వచ్చింది. "టీవీ, డెక్కు కొన్నాము. సేలం నుంచి బాక్సులు తెప్పించినారు. ముందరి రూములో అమర్చాల. నువ్వే రావాలంట" అంది. ఆయన కోపం కరిగిందని మాదప్పన్ పొంగిపోయాడు.

వచ్చి చూస్తే బాక్సులు నడుమెత్తు ఉన్నాయి.

"ఇంత చిన్న రూముకి ఇంత బాక్సులెందుకత్తా?"

"ఇంకా పెద్దవి దొరకలేదని బాధపడినారు."

వెనక గోడ అరలో ఆంప్లిఫయరు, ముందు గోడకు బాక్సులు. మధ్యలో తీగ గోడ లోపలే పోవాలి. మాదప్పన్ ఉలితో గాడి కొట్టి, పైపు దించి, తీగ లాగి, సిమెంటు పూసి, పైన సున్నం కొట్టాడు. నాలుగు రోజులు పట్టింది. రోజూ పొద్దున్నే గోపాలసామి కుర్చీ వేసుకుని కూర్చుని చూసేవాడు. నమస్కారం పెడితే చెయ్యెత్తేవాడు, అంతే. సున్నం మీద వేళ్లతో తడిమి చూసి లేచిపోయేవాడు. ఏం అడిగినా జవాబు లేదు. తిట్టినా బాగుండునని మాదప్పన్‌కి అనిపించేది. తిట్టేవాడికి ఎదురు చెప్పవచ్చు, కాళ్లు పట్టుకోవచ్చు. మాట్లాడని వాడిని ఏం చేస్తాం?

అయిదో రోజు పాట పెట్టి చూడాలి.

గోపాలసామి బాక్సుల ఎదురుగా కూర్చున్నాడు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. జాతర మొదలయ్యే ముందు ఎప్పుడూ అలాగే కూర్చునేవాడు. వీధి చివర నిలబడి ఏ హార్ను గొంతు చెడిందో చెప్పగల చెవి ఆయనది. ఆ చెవి తలుచుకుంటూ వెనక అర దగ్గర మాదప్పన్ క్యాసెట్టును రెండుసార్లు తిప్పి చూశాడు.

క్యాసెట్టు వేసి మీట తిప్పాడు.

కుడి బాక్సు ఒక్కసారి గొంతెత్తింది. ఎడమది మూగగా ఉండిపోయింది.

తీగలు ఊడదీసి మళ్లీ బిగించాడు. అటువి ఇటు మార్చాడు. ఎడమది పలకలేదు. నిన్న కర్టెనుకని వడ్రంగి కొట్టిన మేకు గుర్తొచ్చింది. తీగ గోడలోనే తెగి ఉంటుంది. ఇప్పుడు గోడంతా పగలగొట్టాలి.

శబ్దం ఇంకా పెంచాడు, ఎడమదానిలో గురగురైనా వస్తుందేమోనని. కిటికీలోని పిచ్చుకలు లేచిపోయాయి. ఎదురింటి మారియాయి తలుపు తీసి తొంగిచూసింది. గోపాలసామి కదల్లేదు.

"చాలు నాయనా, ఆపెయ్" అంది వెంకటలక్ష్మమ్మ గడపలోంచి. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.

"ఉండత్తా. ఆయన్నే అననీ."

మాదప్పన్ వెళ్లి కుర్చీ వెనక నిలబడ్డాడు. పాటను మించి గొంతు పెంచాడు.

"ఎడమ బాక్సు పలకలేదు మామా. నీకు తెలిసిపొయ్యుంటుంది. తప్పు నాదే. గోడ పగలగొట్టి మళ్లీ చేస్తాను."

గోపాలసామి కళ్లు తెరవలేదు.

"దీనికి కాదులే నీ కోపం. నాకు తెలుసు. పాపిరెడ్డిపట్టి పని దొంగతనంగా తీసుకున్నాను. నువ్వు నేర్పిన పనితో నీ కడుపే కొట్టినాను. నీ అంగడి మూతపడింది నావల్లనే. మూడేళ్లుగా నీ వీధిలోకి రావాలంటే కాళ్లు ఆడలేదు మామా."

ఆయన వీపు ఎప్పటిలాగే నిటారుగా ఉంది. అది చూసేసరికి మాదప్పన్‌కి దుఃఖం ఆగలేదు. పసిపిల్లాడిలా ఏడ్చేశాడు.

"ఒక్క మాట అను మామా. ఫో అనైనా అను."

గడపలో వెంకటలక్ష్మమ్మ కూలబడి ముఖం మోకాళ్లలో దాచుకుంది. కుడి బాక్సు హోరెత్తుతూనే ఉంది.

గోపాలసామి కళ్లు తెరిచాడు. వెనక్కి తిరగకుండానే, జాతరల్లో పాట మొదలుపెట్టమని సైగ చేసినట్టు కుడి చెయ్యి పైకెత్తాడు.

"ఇంక పాట పెట్టరా, మాదప్పా."