రెడ్‌ఫర్న్ దొర కందకం

రెడ్‌ఫర్న్ దొర ముప్ఫై ఏళ్లుగా ఇంగ్లండ్ పల్లెల్లో పాత కందకాలు తవ్వి తీస్తూ పురావస్తు పండితుడిగా పేరు తెచ్చుకున్నాడు. ఎప్పుడో వందల ఏళ్ల కిందట అక్కడి భూస్వాములు ఇంటిచుట్టూ తవ్వించుకుని నీళ్లు నింపుకున్న కందకాలవి. అక్కడివన్నీ అయిపోయాయో ఏమో, అలాంటివే వెతుక్కుంటూ గల్ఫ్‌లోని రాస్ అల్ ఖైమా ఇసుకలోకి వచ్చిపడ్డాడు.

అది 1984. రెండు నెలలు తవ్వినా రాళ్లు తప్ప ఏమీ తగల్లేదు. వారంలోగా ఏదో ఒకటి చూపించకపోతే పని ఖలాస్ అని తవ్వకాలపై అధికారి అయిన అరబ్బు ముదీర్ తేల్చి చెప్పాడు. పని ఖలాస్ అయితే కూలీ ఆశన్న వీసా కూడా ఖలాస్. ఆ దిగులుతో ఆశన్నకు ముద్ద దిగడం లేదు.

మర్నాడు ఆశన్న ఎవరూ చెప్పకుండానే దిబ్బ అవతల పార వేశాడు. మెత్తగా దిగింది. నాలుగు రోజుల్లో నలుచదరపు కందకం బయటపడింది.

దొర చిన్నపిల్లాడిలా గంతులేశాడు. కందకంలో మధ్యమధ్య నిలబడి ఉన్న మట్టి దిమ్మలు చూసి, "వంతెన స్తంభాలు!" అని అరిచాడు.

ఆశన్న ఉండబట్టలేకపోయాడు. "బాషా భాయ్, గవి స్తంభాలు కావు. ఎంత మట్టి తీసిన్రో కొలిచేటందుకు ఇడిసిన దిమ్మలు. మా దిక్కు గట్లనే..."

"చుప్! నౌకరీ కావాల్నా, వద్దా?" అన్నాడు ఫోర్మన్ జానీ బాషా. "సాబ్ ముప్ఫై ఏండ్లు సదివిండు. నువ్వేం సదివినవ్?"

ఆశన్న మళ్లీ పార అందుకున్నాడు.

ఆఖరి రోజున ముదీర్ వచ్చాడు. దొర కందకం మధ్య జాగాలోని నల్లమట్టిని గుప్పెడు తీసి, కళ్లు మూసుకుని వాసన చూశాడు. "గొప్ప గొప్ప విందులు జరిగిన చోటిది. కందకం శత్రువుల కోసం కాదు, హోదా కోసం. లోపల ఎంతటి ప్రభువు కొలువుండేవాడో!"

ముదీర్ ఆ మట్టికి తలవంచాడు. తవ్వకం ఇంకో రెండేళ్లు సాగాలన్నాడు. ఆశన్నకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

దొర ఆ మట్టిని ఇంకా గుప్పిట్లోనే పట్టుకుని అన్నాడు. "ఆరువందల ఏళ్ల కిందట దీన్ని తవ్విన మనిషి చెయ్యి ఒక్కసారి పట్టుకోగలిగితే నా జన్మ ధన్యం!"

జానీ బాషా ఆ మాట కూలీలందరికీ తర్జుమా చేసి చెప్పాడు.

ఏడేళ్ల కిందట, కొండ మీది వాననీళ్లు క్వారీ క్యాంపు పాయఖానాల్లోకి రాకుండా వాటి చుట్టూ ఆ కాలువ తవ్విన ఆశన్న, రెండు చేతులూ వెనక్కి దాచుకున్నాడు.