నెపం పరుగు మీద

పరాయి దేశంలో కూలీలుండే బర్వా క్యాంపు చుట్టూ పరుగెత్తుతూ జలంధర్ మళ్ళీ కూలబడ్డాడు. రూమ్మేట్ రహమతుల్లా ఉరికొచ్చి భుజం పట్టి లేపబోయాడు. చేతికి ఎముకే తగిలింది.

"గీ ఉరుకుడు బంజెయ్యిరా! ఉరికితే కండలు కరుగుతయని క్యాంపంత మొత్తుకుంటున్న. నువ్వొక్కనివే ఇంటలేవు."

"ఉరికితే కరగయి భాయ్." జలంధర్ దగ్గు ఆపుకున్నాడు. "మంచిగ తిని ఉరికితే ఇంక గట్టివడ్తయి."

"మరి నీయి ఏడ వోయినయ్?"

"ఉరుకుడు షురూ జెయ్యకముందే పోవుడు వెట్టినయ్. దగ్గితే నెత్తురు వడ్తుంది."

రహమతుల్లా అతని పక్కనే కూర్చున్నాడు. "మరెందుకు ఉరుకుతున్నవ్‌రా?"

"ఊకెనే బక్కగైతే మెడికల్‌కు తోలుతరు. ఊపిరితిత్తుల బీమారి బయటవడితే ఇంటికి పంపుతరేమో. ఉరికి బక్కగైండంటే ఎవ్వడడుగుతడు? నువ్వు అందరికి చెప్పవట్టే నేనింక డ్యూటీల ఉన్న."

అంతలో ఫోర్‌మన్ అటుగా వచ్చాడు.

"క్యా హువా? మళ్ళీ పరుగేనా?"

ఔనను అన్నట్టు జలంధర్ రహమతుల్లా మణికట్టు పట్టుకుని, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి నొక్కాడు. సైటులో ఇనుప చువ్వలు వంచిన చెయ్యి అది. రహమతుల్లాకు పట్టుకున్నట్టే అనిపించలేదు.

"పరుగు కాదు సాబ్," అన్నాడు రహమతుల్లా. "బీమారీ. అంబులెన్స్ పిలవండి."