తాతాజీ రంగులు

తప్పులుంటే మన్నించండి. అరవయ్యో ఏట అక్షరాలు దిద్దాను. చెయ్యి ఇంకా నిదానమే.

రావులపాలెం ఫొటో స్టూడియోలో తాతాజీ ఇరవయ్యేళ్ళుగా ఫొటోలు దిద్దుతున్నాడు. ఎవరి మొహమైనా తెల్లగా చేసి ఇస్తాడు.

పక్క కంప్యూటరు ముందు రాణి చేరి ఏడు నెలలైంది. యానాం మనిషి.

ఒకరోజు బుల్లెమ్మ, భర్త పెద్దకర్మకి తాతాజీ చేసిన ఫొటో చూసి తిప్పి ఇచ్చేసింది.

“మా ఆయన నలుపండి. ఇదైతే ఎవరికో దండేసినట్టుంటది.”

రాణి పాత ఫొటో తన తెర మీద పెట్టింది.

“తెల్లబరచక్కర్లేదండి. నలుపూ తెలుపూ అలాగే ఉంచి, మధ్య నీడల్ని కాస్త లేపితే చాలు. దీన్నే గామా అంటారు.”

నీడలోంచి కళ్ళు పైకొచ్చాయి. ఒంటి రంగు మారలేదు.

“అమ్మా, మా ఆయనే!” బుల్లెమ్మ ఏడ్చేసింది.

అప్పట్నుంచి వచ్చినవాళ్ళంతా “రాణిగారున్నారాండీ?” అనేవారే.

తాతాజీకి అన్నం సయించలేదు.

“నిన్నగాక మొన్నొచ్చినావిడ ముందు నేనెందుకూ పనికిరానా?”

“పోనీ ఆవిడ దగ్గర మీరూ నేర్చుకోరాదా?” అంది భార్య.

“నేనా!” కంచం తోసేశాడు.

మర్నాడు రాణి భోజనానికి లేవగానే ఆమె తెర వెలుగు బాగా పెంచేశాడు. తెర వెలుగెక్కువైతే దిద్దేవాళ్ళు ఫొటో వెలుగు తగ్గిస్తారు. ప్రింటు చీకటిగా వస్తుంది.

అలాగే వచ్చింది. పెళ్ళి ఆల్బమ్ మొత్తం.

ఓనరు బుల్లబ్బాయి కేకలేశాడు.

రాణి తెర వైపు చూసింది. తాతాజీ వైపు చూసింది.

“పొరపాటు నాదేనండి,” అని సంచి తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ పూట తాతాజీ రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

వారం తిరిగేసరికి ల్యాబు నుంచి అతని ప్రింట్లు వచ్చాయి.

“ఇదేంటండీ తాతాజీగారూ, పెళ్ళికూతురు నీలంగా ఉంది?” అన్నాడు బుల్లబ్బాయి.

“నాకు బాగానే కనపడుతుందండీ!”

కళ్ళ డాక్టరు దీపం వేసి చూశాడు.

“శుక్లాలండీ. చాలా నెలలుగా ముదురుతున్నాయి. మీకంతా పసుపుగా కనపడి నీలం కలిపేస్తున్నారు.”

“మరి మొన్నటిదాకా నా ఫొటోలు బాగానే వచ్చాయి కదండీ?”



తాతాజీ స్టూడియోకి వచ్చి ఈ ఏడు నెలల పాత ఫైళ్ళు తెరిచాడు.

ప్రతి ఫొటోలోనూ అతను దిద్దిన రంగు మీద, ల్యాబుకి పంపేముందు నీలం తగ్గించిన లేయరు పొర ఒకటి ఉంది. ప్రతి పొర మీదా రాణి పేరు.

— రత్నమాణిక్యం, 67 ఏళ్ళు, ప్రస్తుతం ధవళేశ్వరం