గాజుపలక

“ఏమయ్యా, ఆ ఫోను అవతల పెట్టు. నీతోనే మాట్లాడేది!”

రెబ్కా అరుపుకి ఫిలిప్ ముందు ఫోన్‌లోకి చూశాడు. ఆ తర్వాతే పెళ్లాం వంక చూశాడు. “పెడతాలేవే,” అన్నాడు. పెట్టలేదు.

ఇదీ వరస. ఏం చెప్పినా ముందు ఫోను, తర్వాతే మనిషి. ఏడాదిగా ఇదే గోల. వీధిలో రాళ్ల లారీలు ఇల్లదిరిపోయేలా పోతున్నా ఆ ఫోన్‌లోంచి తలెత్తడు. పోనీ బయటినుంచి ఫోన్ చేస్తే ఎత్తుతాడా అంటే, అదీ లేదు. మెసేజ్ పెట్టమంటాడు. పొద్దంతా మిరపకాయలు కోసి మండుతున్న వేళ్లతో ఆమె ఈ మహానుభావుడికి మెసేజ్‌లు కొట్టాలి!

ఇవాళ చర్చిలో మరీ ఘోరం. పాస్టరుగారు ప్రసంగం చేస్తుంటే బైబిల్ మధ్యలో ఫోన్ పెట్టుకుని దాన్నే చూస్తూ కూర్చున్నాడు. పక్కన ఆడవాళ్లు ముసిముసిగా నవ్వుతుంటే రెబ్కాకి తల కొట్టేసినట్టయింది.

చీమకుర్తిలో గ్రానైట్ కోసే మిషన్ మీద పని అతనిది. అక్కడా ఇదే వేషం వేస్తున్నాడేమోనని ఆమె భయం.

“నీతో మిషన్ మీద పనిచేసిన వాసింని పనిలోంచి ఎందుకు తీసేశారు? పిలిస్తే పలకటం లేదనేగా! రేపు నీకూ అదే గతి. అప్పుడేం తింటాం, ఆ ఫోనా?”

ఫిలిప్ ఫోన్ చూసుకుని తల దించుకున్నాడు. దున్నపోతు మీద వాన కురిసినట్టే.

టీవీలో సీరియల్ మొదలైంది. ఏదో ఇంగ్లీషు సీరియల్, తెలుగులో మాట్లాడిస్తున్నారు. అయినా ఫిలిప్‌కి కింద తెలుగక్షరాలు కూడా పడాల్సిందే. అదో పిచ్చి. ఎప్పుడో రాబోయే కాలం కథ అది. అందులో ఎవరూ ఎదుటి మనిషి మొహం చూడరు. అందరి అరచేతిలో ఒక గాజుపలక. ఆకలేస్తోందో లేదో కూడా అదే చెప్పాలి.

“అదిగో, నీ కథే తీశారు!” రెబ్కా విసురుగా టీవీ కట్టేసింది. “ఆ పలక లేకపోతే సీరియల్లో వాడికి పెళ్లామెవరో కూడా తెలీదు. నీకూ అంతే. ఒక్క పూట, ఒక్క పూట అది లేకుండా నాతో మాట్లాడు చూద్దాం. నీవల్ల కాదంటే నాకీ కాపురమే వద్దు.”

ఫిలిప్ చాలాసేపు ఫోన్‌కేసి చూశాడు. తర్వాత దాన్ని మంచం మీద బోర్లించాడు. చేతులు ఒళ్లో పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నాడు.

రెబ్కా మనసు కాస్త మెత్తబడింది. అటు తిరిగి, దండెం మీది బట్టలు తీసి మడతపెడుతూ కడుపులో ఉన్నదంతా చెప్పుకుంది.

“నువ్వు పక్కనే ఉన్నా నాకెవరూ లేనట్టుంటోందయ్యా. ఎవరితో చెప్పుకోను? ఏడుపొస్తోంది. పోనీ నేనంటే విసుగొచ్చిందా? కనిగిరిలో మా అమ్మ దగ్గరికి పొమ్మంటావా? ఏదో ఒకటి చెప్పు.”

ఆ మాటతో ఇటు తిరిగింది.

ఫిలిప్ గబుక్కున నవ్వు తెచ్చుకున్నాడు. “అలాగేలే. నీ ఇష్టం.”

రెబ్కాకి ఒళ్లు మండిపోయింది. చేతిలో బట్టలు నేలకేసి కొట్టింది.

“పొమ్మంటున్నావా! నేనింత మొత్తుకుంటుంటే నవ్వుతున్నావా! నీకేమన్నా చెవుడా?”

మంచం మీది ఫోన్ లాక్కుంది. గోడకేసి విసరబోయింది. తెర మీద చూపు పడి, ఎత్తిన చెయ్యి అలాగే ఆగిపోయింది.

‘ఏమయ్యా, ఆ ఫోను అవతల పెట్టు’ దగ్గర్నుంచీ ఆమె అన్న ప్రతి మాటా తెలుగక్షరాల్లో ఒకదాని కింద ఒకటి పడి ఉంది. అట్టడుగున, అప్పుడే పడిన మాట: నీకేమన్నా చెవుడా?