ఇత్తడి గద్ద

“అవ్వా, చెప్తే బాధపడుతవేమో గని, ఇది మీ వీరయ్య తాత టోపీది కాదు. దుష్మన్ టోపీది,” అన్నాడు దామోదర్.

చిలుకూరులోని ఆ ఇంట్లో లింగమ్మ గోడ మీది పెద్దల ఫొటోలు దించి తుడుస్తోంది. తెల్లవారితే పెత్రమాస, పోయినవాళ్ళకు అన్నం పెట్టుకునే అమావాస్య. ఫొటోల వరుసలో చివరన, చిన్న మేకుకు, అరచేయంత ఇత్తడి గద్ద. నెత్తిన కిరీటం. ఫొటోలకు పెట్టినట్టే దానికీ బొట్టు.

పూర్ణిమ భర్త ముఖం చూసింది. సూర్యాపేటలో ఎరువుల దుకాణం నడిపే మనిషికి వందేళ్ళ కిందటి మొదటి ప్రపంచ యుద్ధపు జర్మనీ సిపాయిల టోపీ బిళ్ళల పిచ్చి ఎలా పట్టిందో ఆమెకు ఇప్పటికీ అంతుపట్టదు. ఇంట్లో అద్దాల అల్మారాలో నలభై దాకా ఉన్నాయి. గద్ద మాత్రం లేదు. దుకాణానికొచ్చిన లింగమ్మ మనవడు ఫోన్లో దీని ఫొటో చూపించినప్పటి నుంచి ఆయనకు అన్నం సయించడం లేదు.

“తాత నిజాం ఫౌజుల బోయి జర్మనోళ్ల మీదనే కొట్లాడిండు. వాళ్ల బిళ్ళకు బొట్టెందుకవ్వా? నాకియ్యి. ఏం గావాల్నో అడుగు.”

నిజం తెలిస్తే ముసలమ్మే తీసి చేతిలో పెడుతుందని ఆయన ధీమా.

లింగమ్మ గద్దను కొంగుతో తుడుస్తూనే ఉంది. “ఎరికే బిడ్డా.”

“ఎరికేనా?”

“తాత ఇంటికొచ్చిండు. పెండ్లి చేసుకున్నడు, గొర్లు కాసిండు, ముసలోడై మంచంల పోయిండు. ఇది పెట్టుకున్నోడు ఇంటికి పోలే. తాత తుపాకికే పోయిండు.”

పూర్ణిమ ఉండబట్టలేకపోయింది. “మరి బొట్టు?”

“వాని పేరేందో, ఊరేందో మాకు తెల్వదు. వాడు యాడ బడ్డడో వాని మనుషులకు తెల్వదు. ఇగ కూడెవరు పెడ్తరమ్మా? తాత పెట్టిండు, మా మామ పెట్టిండు, ఇప్పుడు నేను. కల్లు తాగేటోడో కాదో గని, జర పోస్త.” నవ్వింది. “పోయేటప్పుడు తాత, నన్ను మరిస్తె మరువున్రి, వాన్ని మరువకున్రి అన్నడట.”

గద్దను మళ్ళీ మేకుకు తగిలించింది. “ఇంట్ల మనిషిని ఎట్లిస్త బిడ్డా?”

దామోదర్ ఇక అడగలేదు. కారు కోదాడ దాటి హైవే ఎక్కింది.

“పోనియ్యున్రి. ఇంకోటి దొరకదా?” అంది పూర్ణిమ.

దామోదర్ సూర్యాపేటలో ఇంటి మలుపు వదిలేసి కారును బజారులోకి తిప్పాడు.

“ఇప్పుడు బజారెందుకు?”

“రేపటికి ఇస్తరాకులు గావాలె. ఒక నలభై.”

“నలభయా? మనింట్ల ఉన్నది ఇద్దరం. ఎవరొస్తున్నరు?”

“ఎవరూ రారు,” అన్నాడు దామోదర్. “అల్మారల ఉన్నోళ్లకే.”